వచ్చే వైద్యం కోసం తగ్గిన వైద్యం: ఒక టైప్-1 మధుమేహం కేసు

ఈ కేసులోని అమ్మాయికి 19 ఏళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. 11వ ఏట టైప్-1 మధుమేహం బయటపడినప్పటి నుంచి విశాఖపట్నం మహారాణిపేటలోని మా క్లినిక్‌కే వస్తోంది. తండ్రి గాజువాక వైపు కాంట్రాక్టు మీద పనిచేసే వెల్డరు. తల్లి ఇంట్లో కుట్టుపని చేస్తుంది. నాయనమ్మ కూడా వాళ్ళతోనే ఉంటుంది. ఈ కేసును వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను కాని, వైద్యానికి సంబంధించినవేవీ మార్చలేదు.

2025 అక్టోబరులో, ముసురు పట్టిన ఒక రాత్రి, ఈ అమ్మాయిని డయాబెటిక్ కీటోఎసిడోసిస్‌తో, అంటే ఇన్సులిన్ అందక రక్తం ఆమ్లంగా మారే స్థితితో, ఐసీయూలో చేర్చవలసి వచ్చింది. ఆ స్థితిని గుర్తించడంలోగాని, చేసిన చికిత్సలోగాని కొత్త సంగతేమీ లేదు. ఆమె అక్కడిదాకా వచ్చిన దారి మాత్రం నాకు కొత్త. మూలకణ (స్టెమ్ సెల్) చికిత్సతో కొందరు టైప్-1 రోగులు ఇన్సులిన్ మానేయగలిగారన్న నిజమైన ఒక పరిశోధన వార్త, అందులో తప్పంటూ ఏమీ లేని వార్త, ఆ ఇంట్లో నాలుగు నెలలపాటు పనిచేసిన తీరు ఆమెను మంచాన పడేసింది. ఆ నాలుగు నెలల మొదట్లో నేనన్న మాట కూడా అందులో తన వంతు పని చేసింది. అందుకే దీన్ని తోటి వైద్యుల కోసం, టైప్-1 పిల్లలున్న కుటుంబాల కోసం వివరంగా రాస్తున్నాను.

చేరిన రాత్రి

జ్వరం మూడు రోజులుగా ఉంది. రెండో రోజు నుంచి వాంతులు మొదలై ఏమీ తినలేకపోవడంతో, తిండి లేనప్పుడు ఇన్సులిన్ వేస్తే సుగరు పడిపోతుందన్న భయంతో, రాత్రి పూట వేసే దీర్ఘకాలిక ఇన్సులిన్‌తో సహా అన్నీ ఆపేశారు. ఎనిమిదేళ్ళ అనుభవమున్న కుటుంబం చేయవలసిన పొరపాటు కాదిది, కాని సుగరు ఎంతుందో చూసుకునే సాధనం చేతిలో లేనప్పుడు ఎవరైనా చేసే పొరపాటే. టైప్-1లో క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీరపు రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది కాబట్టి బయటి నుంచి ఇచ్చే ఇన్సులిన్ తప్ప ఒంట్లో వేరే ఇన్సులిన్ దాదాపుగా ఉండదు. అది ఆగిందంటే రక్తం నిండా చక్కెర ఉన్నా కణాలకు అందదు, శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారు చేస్తుంది, రక్తం ఆమ్లంగా మారిపోతుంది. జ్వరంలో పుట్టే హార్మోన్లు ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తాయి కాబట్టి తిన్నా తినకపోయినా ఆ రోజుల్లో ఇన్సులిన్ అవసరం తరచుగా పెరుగుతుంది.

వచ్చేసరికి మగతగా ఉంది. శ్వాస లోతుగా, వేగంగా తీస్తోంది, నోటి నుంచి మాగిన పండు వాసన వస్తోంది. రక్తంలో గ్లూకోజు 486, రక్తం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పీహెచ్ 7.08, ఆ ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటు 7, పొటాషియం 5.4, బరువు 46 కిలోలు. మొదటి గంటలో ఒక లీటరు సెలైన్, ఆ తరువాత కిలోకు గంటకు 0.1 యూనిట్ చొప్పున ఇన్సులిన్ డ్రిప్పు, పొటాషియం పడిపోకుండా గమనిస్తూ దాని భర్తీ, గ్లూకోజు 250కి దిగగానే డెక్స్‌ట్రోజు. పీహెచ్ 7 కన్నా పైనే ఉంది కాబట్టి బైకార్బొనేటు ఇవ్వలేదు. మర్నాడు సాయంత్రానికి కీటోఎసిడోసిస్ తగ్గింది, అయిదో రోజున ఇంటికి పంపాం. జ్వరానికి కారణమైన మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ ఇచ్చాం. వైద్యపరంగా ఇంతకుమించి రాయవలసింది లేదు.

మీటరు చెప్పిన సంగతి

చేరిన రెండో రోజు ఆమె గ్లూకోమీటరు తెప్పించి, అందులో నమోదైన పాత రీడింగులు చూశాను. మార్చిలో ఆమె హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు సుగరును చెప్పే పరీక్ష, 7.6. ఈ వయసులో, ఇంజెక్షన్లతోనే నెట్టుకొస్తున్న పిల్లకు అది మెచ్చుకోదగిన అంకె. జూన్ మూడో వారం దాకా రోజుకు నాలుగు రీడింగులున్నాయి. ఆ తరువాత రోజుకు ఒకటి, ఆగస్టులో రెండు మూడు రోజులకు ఒకటి, సెప్టెంబరు నెల మొత్తానికి తొమ్మిది. అక్టోబరులో ఒక్కటీ లేదు. ఐసీయూలో చేసిన హెచ్‌బీఏ1సీ 11.2 వచ్చింది. ఈ జబ్బు వాళ్ళింట్లో అదుపు తప్పింది జ్వరం వచ్చిన నాడు కాదు, జూన్‌లోనే.

సుగరు చూడటం ఎందుకు మానేశారని అడిగాను. తండ్రి బదులు చెప్పలేదు. తల్లి ఏడుస్తోంది. చివరికి నాయనమ్మే అంది: "ఆపరేసనుకి దాత్తన్నారమ్మా."

సుగరు చూసే స్ట్రిప్పులకు నెలకు రెండు వేల రూపాయల పైచిలుకు అవుతోంది. జూలైలో పోస్టాఫీసులో నెలకు అయిదు వేల చొప్పున ఆర్‌డీ ఖాతా తెరిచారు. స్ట్రిప్పుల డబ్బు అందులోకి వెళ్ళింది. మధ్యాహ్నం వేసే ఇన్సులిన్ తగ్గితే పెన్నులు ఎక్కువ రోజులు వస్తాయి కాబట్టి ఆ మిగులూ అందులోకే వెళ్ళింది. తల్లి కుట్టుకూలి, తండ్రి ఓవర్‌టైం కూడా అక్కడికే వెళ్ళాయి. ఇవి కాక, మేనమామ దగ్గర అప్పు తెచ్చిన 50,000 రూపాయలు వేరే నగరంలోని ఒక క్లినిక్‌కు అడ్వాన్సుగా ఫోన్లోనే పంపించేశారు. మొత్తం ఆరు లక్షలవుతుందని, మూలకణాలు ఎక్కిస్తే జబ్బు మూలంతో సహా పోతుందని అక్కడి నుంచి మాట్లాడిన వ్యక్తి చెప్పాడట. కూతురికి రాబోయే వైద్యం కోసం కూతురికి జరుగుతున్న వైద్యాన్ని కోసి దాచారు. ఈ మాట నేను నింద వేయడానికి రాయడం లేదు. ఆ ఇంట్లో ఏ ఒక్కరూ తమ కోసం ఒక్క రూపాయి మిగుల్చుకోలేదని అర్థం కావడానికి రాస్తున్నాను.

అమ్మాయి లెక్క వేరు. నాలుగో రోజు, ఎవరూ లేనప్పుడు చెప్పింది. కాలేజీ క్యాంటీన్లో అందరి ముందూ చొక్కా అంచు ఎత్తి పొట్టకు ఇంజెక్షన్ వేసుకోవడం ఆమెకు మొదటి నుంచీ కష్టమే. అయినా మానలేదు. వార్త వచ్చాక మాత్రం "రెండేళ్ళలో పోయే జబ్బుకి ఇన్ని లెక్కలెందుకు మేడం అనిపించింది" అంది. నేను ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నిరాశ వల్ల వైద్యం మానేసినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళతో ఎలా మాట్లాడాలో కొంతవరకు తెలుసు. ఆశ వల్ల వైద్యం సడలడాన్ని ఇంత స్పష్టంగా చూడటం ఇదే మొదటిసారి. జబ్బు జీవితాంతం ఉంటుందని నమ్మిన ఎనిమిదేళ్ళూ ఆ పిల్ల దాన్ని అదుపులో పెట్టుకుంది. పోతుందని నమ్మిన నాలుగు నెలల్లో వదిలేసింది.

జూన్‌లో ఓపీ

ఇక నా వంతు.

జూన్ చివర్లో ఒక సోమవారం, వరండా నిండా జనం ఉన్న పూట, తండ్రి ఒక పేపరు కత్తిరింపును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చాడు. మడతలు పడకుండా, తడవకుండా దాన్ని కాపాడుకొచ్చిన తీరు నాకిప్పుడు గుర్తొస్తోంది, అప్పుడు కంటికి ఆనలేదు. "వచ్చేసిందంట మేడం, ఓపాలి చూడండి" అని బల్ల మీద పెట్టాడు. నేను శీర్షిక మాత్రమే చదివి, "ఇలాంటివి పాతికేళ్ళుగా వింటున్నాను, మనదాకా రావు, మీరు వేసే ఇన్సులిన్ వేసుకోండి" అన్నాను. ఆయన మరో మాట లేకుండా కవరు తీసి జేబులో పెట్టుకున్నాడు. అలా మూడు ముక్కల్లో తేల్చేయడానికి నాకు అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ తరువాత ఆ విషయం గురించి ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడగవలసినవన్నీ బంధువుల వాట్సాప్ గ్రూపులో అడిగాడు, ఒక వీడియో కింద ఉన్న ఫోన్ నంబరుకు చేసి అడిగాడు. అక్కడ ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్ళు దొరికారు.

నేనలా ఎందుకన్నానో తరువాత చాలాసార్లు ఆలోచించాను. తీరిక లేకపోవడం ఒక్కటే కారణమనుకుంటే సరిపోదు. 2000లో నేను పీజీ విద్యార్థినిగా ఉన్నప్పుడు కెనడాలోని ఎడ్మంటన్ నుంచి ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. జేమ్స్ షపీరో బృందం చనిపోయిన దాతల క్లోమాల నుంచి ఐలెట్‌లను, అంటే బీటా కణాలుండే చిన్న చిన్న పుంజాలను, వేరుచేసి ఏడుగురు టైప్-1 రోగుల కాలేయంలోకి ఎక్కిస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేయగలిగారు. సెమినార్ గదిలో ఆ వ్యాసం చదివిన రోజున మా బ్యాచ్‌కు నేల మీద కాళ్ళు ఆనలేదు. మేం ప్రాక్టీసు పెట్టేనాటికి ఇన్సులిన్ ఒక పాత కథ అయిపోతుందనుకున్నాం. అదే పద్ధతిని అనేక కేంద్రాల్లో 36 మందికి చేసిన ఫలితాలు 2006లో వచ్చాయి. ఏడాది తరువాత ఇన్సులిన్ అక్కర్లేకుండా ఉన్నది 16 మంది, వాళ్ళలో రెండేళ్ళకు అలాగే మిగిలింది అయిదుగురు. ఒక్కొక్క రోగికి ఒకరి కన్నా ఎక్కువమంది దాతల క్లోమాలు కావలసి రావడంతో ఆ చికిత్స ఎక్కువమందికి అందే వీలూ లేకపోయింది. 2000లో నేనెంత ఆశపడ్డానో 2006లో అంత చల్లబడ్డాను. 2025లో ఆ తండ్రికి నేనిచ్చిన జవాబు వార్త చదివి ఇచ్చినది కాదు, ఆ చల్లబడిన మనసు ఇచ్చినది. పైగా అది తప్పు జవాబు కూడా, ఎందుకంటే ఈసారి వచ్చిన వార్తలో నిజంగానే ఒక పెద్ద అడుగు ఉంది.

వార్తలో ఉన్నదెంత

2025 జూన్‌లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సమావేశాల సందర్భంగా జిమిస్లెసెల్ అనే చికిత్స ఫలితాలు వెలువడ్డాయి, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. దాతల క్లోమాల మీద ఆధారపడకుండా, మూలకణాల నుంచి ప్రయోగశాలలో పెంచిన ఐలెట్ కణాలను కాలేయానికి వెళ్ళే పోర్టల్ సిర ద్వారా ఎక్కిస్తారు. పూర్తి మోతాదు ఒకేసారి తీసుకున్న 12 మందిలో పదిమంది ఏడాది తరువాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. తీవ్రంగా సుగరు పడిపోయి స్పృహ తప్పే ఘట్టాలు మూడో నెల తరువాత ఎవరికీ రాలేదు. కావలసినన్ని కణాలను కర్మాగారంలో తయారుచేయగలగడం ఎడ్మంటన్ నాటి అతిపెద్ద అడ్డంకిని తొలగించే సంగతి. దీన్ని "మనదాకా రాదు" అని తీసిపారేయడం నాలాంటి వైద్యురాలు చేయకూడని పని.

పేపరు కత్తిరింపులో ఇందులో చాలా భాగం ఉంది. నిజం చెప్పాలంటే ఆ విలేకరి శ్రద్ధగానే రాశాడు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూ ఉండాలన్న వాక్యం కూడా ఉంది, కాని అది చివరి పేరాలో ఉంది. ప్రయోగంలోకి ఎవరిని తీసుకున్నారన్నది మాత్రం లేదు. సుగరు పడిపోతున్నా తెలియని స్థితికి చేరి, అంతకుముందు ఏడాదిలో కనీసం రెండుసార్లు ప్రమాదకరంగా పడిపోయినవాళ్ళనే తీసుకున్నారు. ఇద్దరు మరణించిన సంగతీ లేదు. ఆ రెండింటిలో ఒకటి క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన మెదడు పొరల వాపు. రెండోది అంతకుముందే ఉన్న నాడీ సంబంధమైన సమస్య ముదరడం వల్ల జరిగింది.

వాట్సాప్‌లో తిరిగిన రూపం వేరు. అందులో ఈ వార్తతో పాటు చైనా నుంచి 2024లో వచ్చిన రెండు వేర్వేరు కేసులు కలిసిపోయాయి. ఒకటి షాంఘైలో 25 ఏళ్ళుగా టైప్-2 మధుమేహంతో ఉన్న 59 ఏళ్ళ పురుషుడిది. రెండోది టియాన్‌జిన్‌లో టైప్-1 ఉన్న 25 ఏళ్ళ యువతిది. ఆమె సొంత కణాల నుంచే తయారుచేసిన ఐలెట్‌లను పొట్ట కండరాల పొర కింద పెట్టిన తరువాత 75 రోజులకు ఇన్సులిన్ అవసరం పోయింది. ఆ యువతికి అంతకుముందే కాలేయ మార్పిడి, ఆ షాంఘై రోగికి మూత్రపిండ మార్పిడి జరిగి ఉన్నాయి కాబట్టి ఇద్దరూ రోగనిరోధక శక్తిని అణిచే మందులు అప్పటికే వాడుతున్నారు. వాట్సాప్ సందేశంలో ఇవన్నీ కలిసి "సొంత కణాలతో, మందుల్లేకుండా, రెండున్నర నెలల్లో సుగరు మాయం" అయ్యాయి. విడివిడిగా చూస్తే ప్రతి ముక్కకూ ఎక్కడో ఒక ఆధారముంది, కలిపి చూస్తే అలాంటి రోగి ప్రపంచంలో ఎక్కడా లేడు.

2021 మేలో కృష్ణపట్నం మందు కోసం జనం కిలోమీటర్ల కొద్దీ బారులు తీరినప్పుడు వైద్యులుగా మా పని ఒక విధంగా తేలిక. పరీక్షించని మందు అని చెప్పగలిగాం. పరిశోధన నిజమైనప్పుడు ఆ మాట చెల్లదు. నిజమేనని ఒప్పుకుని, ఎవరికి, ఎంతకాలం, దేనికి బదులుగా అన్నది కూర్చుని చెప్పాలి. దానికి అర నిమిషం చాలదు.

కూర్చుని చదవడం

ఇంటికి పంపే ముందు రోజు మధ్యాహ్నం నలుగురినీ నా గదిలో కూర్చోబెట్టి, ఆ కత్తిరింపునే బల్ల మీద పరిచి వాక్యం వాక్యం చదివాం. గంటకు పైగా పట్టింది. నేను ఉపన్యాసం ఇవ్వకుండా, వాళ్ళడిగినదానికే జవాబు చెప్పాలని ముందే నిర్ణయించుకున్నాను.

ఎవరెవరిని ప్రయోగంలోకి తీసుకున్నారో చెప్పగానే తండ్రి అడిగాడు: "అంటే ఈ పిల్ల కళ్ళు తిరిగి పడిపోతేనే ఇస్తారా మేడం?" ఆ ప్రశ్నకు నేను భయపడ్డాను. ఆయన ఆలోచన ఎటు వెళ్తుందో చూస్తున్నాను కాబట్టి, ప్రాణానికి అంత ముప్పున్నవాళ్ళకు మాత్రమే ఈ కొత్త చికిత్సలోని ముప్పు తక్కువదవుతుందని, ఇంజెక్షన్లతో 7.6 దగ్గర ఉండగలిగిన పిల్లకు ఆ లెక్క తిరగబడుతుందని, ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఇన్సులిన్ మానేసి, దాని స్థానంలో ఇన్‌ఫెక్షన్లకు తలుపు తీసే మందులు ప్రతిరోజూ మింగడం ఆమెకు లాభసాటి బేరం కాదు.

తల్లి చాలాసేపు ఊరుకుని, ఆ మందులు వాడితే పిల్లలు పుడతారా అని అడిగింది. ఈ ఇంట్లో వార్తను అంత గట్టిగా పట్టుకోవడానికి అసలు కారణం అప్పుడు తెలిసింది. మేనత్త ఆ అమ్మాయిని కోడలిగా చేసుకుంటానని చిన్నప్పుడు అనేదట, జబ్బు బయటపడ్డాక ఆ మాట ఎత్తడం మానేసింది. జూన్‌లో వార్త రాగానే మళ్ళీ ఫోన్ చేసింది. ఆ ఫోను వచ్చాకే పోస్టాఫీసు ఖాతా మొదలైంది. అలాంటి మందుల్లో కొన్ని గర్భిణులు వాడకూడనివని, సుగరు అదుపులో ఉన్న టైప్-1 స్త్రీలు ఇన్సులిన్‌తోనే ఆరోగ్యమైన పిల్లల్ని కంటున్నారని, అలాంటి తల్లులు మా క్లినిక్‌లోనే ఉన్నారని చెప్పాను. ఈ రెండో సంగతి ఆమెకు ఎనిమిదేళ్ళలో ఎవరూ చెప్పలేదట. చెప్పవలసినదాన్ని నేనే.

అందరిలోకీ అసలైన ప్రశ్న వేసింది నాయనమ్మ. "ఆ పన్నెండుగురూ ఇప్పుడెలాగున్నారమ్మా?" అంది. పరిశోధన మొత్తం ఆధారపడేది ఆ ప్రశ్న మీదే. అచ్చైన వ్యాసం ఏడాది దాకానే చెబుతోందని, రెండేళ్ళ, అయిదేళ్ళ లెక్క చూడకుండా ఎవరూ తొందరపడకూడదని, ఎడ్మంటన్‌లో ఏం జరిగిందో 16, 5 అంకెలతో సహా ఆమెకు వివరించాను. "అలగైతే సూడాల" అని తల ఊపింది.

అమ్మాయికి నేను ఎలిజబెత్ హ్యూస్ అనే అమెరికన్ బాలిక కథ చెప్పాను. ఆమె 1919లో, సరిగ్గా మన అమ్మాయికి జబ్బు బయటపడిన వయసులోనే, 11వ ఏట ఈ జబ్బు బారిన పడింది. అప్పటికి ఇన్సులిన్ లేదు. చావును వాయిదా వేయడానికి వైద్యులకు తెలిసినది ఒక్కటే, దాదాపు పస్తులుంచే ఆహార నియమం. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ చేసిన ప్రయోగాలు, 1922 జనవరిలో లెనర్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి ఇచ్చిన మొదటి ఇంజెక్షన్ గురించిన వార్తలు బయటికి పొక్కగానే తల్లిదండ్రులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 1922 ఆగస్టులో ఎలిజబెత్ టొరంటో చేరేనాటికి ఆమె బరువు సుమారు 20 కిలోలు. ఆ తరువాత ఇన్సులిన్‌తో చదువుకుని, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, 1981 దాకా బతికింది. "అప్పటిదాకా ఆమె ఏం చేసింది మేడం?" అని అడిగింది మన అమ్మాయి. గ్రాము గ్రాము తూచుకుని తినింది, మూడేళ్ళపాటు. కొత్త వైద్యం వచ్చేనాటికి ఆమె బతికి ఉండటానికి కారణం ఆ పాత వైద్యమే. ఈ చివరి వాక్యం నేను అనలేదు, అనవలసిన అవసరం రాలేదు. తన మీటరు ఎక్కడుందని అమ్మను అడిగింది.

ఆ ఆరు లక్షల క్లినిక్ సంగతి తేల్చడానికి ఎక్కువ సేపు పట్టలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్తసంబంధ వ్యాధుల వంటి ఆమోదిత సందర్భాల్లో చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగతా మూలకణ చికిత్సలన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో భాగంగా మాత్రమే జరగాలి. ట్రయల్ ఏదైనా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, 2009 నుంచి అది తప్పనిసరి. పరీక్షిస్తున్న చికిత్సకు రోగి దగ్గర లక్షలు వసూలు చేయడం ట్రయల్ లక్షణం కాదు. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి ఔషధాలు, మాంత్రిక నివారణల చట్టం నిషేధించింది. నా ముందే తండ్రి ఆ నంబరుకు ఫోన్ చేసి, రిజిస్ట్రీ నంబరు చెప్పమన్నాడు. అవతలి వ్యక్తి మాట మార్చాడు, రెండోసారి ఫోన్ ఎత్తలేదు.

అదే వార్త, మిగతా ఇళ్ళలో

ఈ కేసు తరువాత వార్తలను గురించి నేనే అడగడం మొదలుపెట్టాను. "ఈ మధ్య సుగరు గురించి పేపర్లో, ఫోన్లో ఏం చూశారు?" అన్న ప్రశ్నను ప్రతి విజిట్‌లోనూ బరువు, బీపీల పక్కన చేర్చాను. వచ్చిన జవాబులు నేను ఊహించినవి కావు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక యువకుడు మూల వ్యాసాన్నే చదివి వచ్చి, ప్రయోగంలో చేరే అర్హతల గురించి నన్ను నిలదీశాడు. అనకాపల్లి నుంచి వచ్చే ఒక పెద్దాయన, టైప్-2 మధుమేహంతో మాత్రలు వాడుతున్నవారు, ఆ వార్త తనకోసమేననుకుని రెండు వారాలు మెట్‌ఫార్మిన్ మానేశారు. టైప్-1, టైప్-2 అన్న తేడా మన వాడుకలో లేదు, రెండూ సుగరే. శీర్షికలో ఆ ఒక్క అంకె రాయకపోతే నూటికి తొంభై మంది చదువరులు దాన్ని తమ జబ్బుగానే చదువుకుంటారని నా అనుభవం.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒక తల్లి. ఆమె కొడుకు 26 ఏళ్ళకే ఈ జబ్బు వల్ల మూత్రపిండాలు చెడి డయాలసిస్ మీద ఉన్నాడు. వార్త ఆమె కూడా చదివింది. కొడుక్కి కనబడకుండా పేపరు దాచేసిందట. "ముందొస్తే ఎంత బావుణ్ణో అని వాడు అనుకుంటాడమ్మా" అంది. శుభవార్త అందరికీ శుభవార్త కాదని వైద్యులుగా మాకు తట్టదు. ఆలస్యంగా వచ్చిన మంచి కబురు కొన్ని ఇళ్ళలో దుఃఖంగానే దిగుతుంది, వాళ్ళు మమ్మల్ని ప్రశ్నలు అడగరు కూడా.

ఇప్పుడు నెలకు ఒక శనివారం సాయంత్రం టైప్-1 కుటుంబాలతో కూర్చుని, ఆ నెలలో వచ్చిన పరిశోధన వార్త ఏదో ఒకటి కలిసి చదువుతున్నాం. పదిహేను మంది దాకా వస్తారు. ఎంతమందిలో చూశారు, ఎన్నాళ్ళు చూశారు, ఎలాంటివాళ్ళను తీసుకున్నారు, బదులుగా ఏం భరించారు, ఈ నాలుగూ వెతుకుతాం. వార్తలో దొరకనివి నేను మూల వ్యాసంలో చూసి తరువాతి నెల చెబుతాను. దీనివల్ల హెచ్‌బీఏ1సీలు తగ్గుతాయని చెప్పగలిగినంత ఆధారం నా దగ్గర లేదు, కాని బల్ల మీదకి కత్తిరింపులు మళ్ళీ వస్తున్నాయి.

తరువాతి స్థితి

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 9.0కి, ఆరు నెలలకు 8.1కి దిగింది. 2025 మార్చి నాటి 7.6కి ఇంకా చేరలేదు. జ్వరం, వాంతులు వచ్చిన రోజుల్లో ఏం చేయాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి వాళ్ళ ఫ్రిజ్ తలుపుకు అంటింపజేశాను. రాత్రి ఇన్సులిన్ ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు, మూడు నాలుగు గంటలకోసారి సుగరు చూడాలి, నీళ్ళు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగుతుండాలి, వాంతులు ఆగకపోయినా, సుగరు దిగకపోయినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలి. క్యాంటీన్లో ఇంజెక్షన్ సంగతి పూర్తిగా తేలలేదు. కొన్ని రోజులు వేసుకుంటోంది, కొన్ని రోజులు ఇంటికి వచ్చేదాకా తినడమే మానేస్తోంది. దాని మీద ఇద్దరం ఇంకా మాట్లాడుకుంటున్నాం.

మేనత్త మళ్ళీ ఫోన్ చేయలేదు. 50,000 తిరిగి రాలేదు. ఫిర్యాదు చేయమని చెప్పాను, తండ్రికి ఇష్టం లేకపోయింది.

పోస్టాఫీసు ఖాతాకు ఇప్పుడు నెలకు అయిదు వేలకు బదులు రెండు వేలే వెళ్తున్నాయి, అదీ ఒకటో తారీఖున స్ట్రిప్పులు, పెన్నులు కొన్న తరువాత. ఆ ఖాతాను మూసేయమని నేను చెప్పలేదు.